రాయప్ప ఆపనన్న ఫోను

ఆగిరిపల్లి తోటల్లో కోతులు మనుషుల కంటే ఎక్కువని జనం అంటారు గాని, అది నిజం కాదు. లెక్కకు మనుషులే ఎక్కువ, తెలివికి కోతులు ఎక్కువ. ఏ చెట్టు బంగినపల్లి ఎప్పుడు ముదురుతుందో బేరగాళ్ళ కంటే ముందు వాటికే తెలుస్తుంది. మొదటి టపాకాయకి పారిపోతాయి, రెండోదానికి చెవులు మూసుకుంటాయి, మూడోదానికి ఇంకోటి కాల్చమని ఎదురుగా వచ్చి కూర్చుంటాయి. ఒకాయన తోట నడుమ గుడ్డలతో పులిబొమ్మ చేసి నిలబెడితే, మర్నాడు పొద్దున్న ఓ తల్లికోతి దాని వీపు మీద పిల్లని ఎక్కించి సవారీ నేర్పుతోందట. చూసినవాళ్ళే చెప్పారు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ పులిని అడగవచ్చు.

అలాంటి చోట ఒక ఏడు రాయప్ప తోట కౌలుకు తీసుకున్నాడు.

అతనికిది మొదటిసారి. మీసం మొలవకముందు నుంచి చాట్రాయి వైపు ఒకరి తోటలకి కాపలా కాస్తూనే ముసలివాడయ్యాడు. ఎన్ని బళ్ళ కాయలకి కాపలా కాశాడో గాని, వాటిలో ఒక్క కాయా తనది కాదు. "ఒక్క కాపు, ఒకే ఒక్క కాపు నాదనిపించుకుని కోయించాలే మగ్దలేనా" అని భార్యతో అంటూ అంటూ, చివరికి ధైర్యం చేసి ఆగిరిపల్లి శివారులో ఈ చిన్న తోట పట్టాడు. పూత నిలిచింది. పిందె కట్టింది. పిందె కట్టిన వారంలోనే కోతులు కొండ దిగి వచ్చి, కొమ్మ కొమ్మా ఊపి చూసి, "ఇంకా వగరుగానే ఉంది, మళ్ళీ వస్తాం" అన్నట్టు వెళ్ళిపోయాయి. ఆ రోజు నుంచి రాయప్పకి కంటిమీద కునుకు లేదు.

అతన్ని ఆదుకున్నది మగ్దలేనమ్మ నోరు.

ఆవిడ తిడితే పాలు విరిగిపోతాయనేది గిట్టనివాళ్ళ మాట. విరగవు. తోడు వెయ్యకుండానే పెరుగవుతాయి, అంతే.

ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారానికి ముందురోజు సంగతి ఇది. బావి మోటారు ఏదో కొత్తరకంగా మూలుగుతుంటే, ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసి వినిపించమన్నాడు మెకానిక్కు. మైలవరంలో ఉండే కూతురు మెర్సీ కొనిచ్చిన స్మార్ట్ ఫోనులో రాయప్ప రికార్డు నొక్కాడు. ఆపడం మరిచిపోయి, ఫోను జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళాడు. ఇంట్లో ఎవరూ లేరనుకుని నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. అటక మీద సున్నుండల డబ్బా ఉంది. రాయప్ప ఒంట్లో షుగరు ఉంది. ఆ రెండూ ఒకచోట చేరే వేళకి గుమ్మంలో మగ్దలేనమ్మ ఉంది.

"దిగు! దిగుతావా లేదా! నీ దుంపతెగ, పైకెక్కి బొక్కుతున్నావా? ఆ చేతిలోది అక్కడ పెట్టు! ఆ నోట్లోది కూడా పెట్టు! ఈ వయసులో ఈ ఎక్కుడేంటి, ఈ గెంతుడేంటి, సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లా? నిన్ను కాదూ? ఇంకా చూస్తావేంటి గుడ్లప్పగించి? దిగు!"

అది పల్లవి మాత్రమే. చరణాలు చాలాసేపు సాగాయి. ఫోను ఒక్క మాటా జారవిడవకుండా పట్టుకుంది.

మర్నాడు మోటారు చప్పుడు ఎలా పడిందో విందామని రాయప్ప తోటలో కూర్చుని దాన్ని నొక్కాడు. మూలుగు అయిపోగానే తిట్లు అందుకున్నాయి. పక్కచెట్టు మీద కోతుల గుంపు ఉంది. "ఆ చేతిలోది అక్కడ పెట్టు" అన్న మాట చెవిన పడగానే పెద్ద మగకోతి చేతిలోని పిందెని టక్కున వదిలేసింది. "దిగు" అనగానే దిగింది. ఒకదాని తోక ఒకటి తొక్కుకుంటూ అన్నీ కొండెక్కిపోయాయి.

ఇంకేముంది! మెర్సీ మైలవరం నుంచి వచ్చి, మోటారు మూలుగు కత్తిరించి, తిట్లు మాత్రం మిగిల్చి, అయిపోగానే మళ్ళీ మొదటికి వచ్చేట్టు ఫోనులో ఏర్పాటు చేసింది. పెళ్ళిళ్ళకి మైకులు పెట్టే ఆయన పక్కన పడేసిన గొట్టం ఒకటి తెచ్చి తోట నడిమి చెట్టుకు కట్టారు. ఫోను మోటారు షెడ్డులో మేకుకు వేలాడింది, చార్జరు వైరు దానికి పాలపీకలాగా నోట్లోనే ఉండిపోయింది. అప్పటి నుంచి పగలూ రాత్రీ మగ్దలేనమ్మ గొంతు తోటంతా కలయదిరుగుతూనే ఉంది.

"బావా, రాత్రిళ్ళైనా చెల్లెమ్మని పడుకోనీ" అన్నాడు పక్కతోట యలమంద, కంచె మీద చేతులేసుకుని. "కోతులు చీకట్లో రావుగా. మా గేదెలు నిద్దట్లో ఉలిక్కిపడి లేచి, చేపకుండానే పాలిచ్చేస్తన్నాయి."

"మంచిదేగా? నాకు సగం పొయ్యి" అన్నాడు రాయప్ప. రాత్రిళ్ళు గొంతు తగ్గించాడు గాని, ఫోను మాత్రం ఆపలేదు.

ఆపకపోవడానికి ఒక కారణం ఉంది. విభూతి బుధవారం నాడు ఫాదర్ గారు నుదుట బూడిద పెట్టి, "ఏటా మాంసం మానేస్తున్నారు, చేపలు మానేస్తున్నారు. ఈసారి మీకు ఏది వదలడం అన్నిటికంటే కష్టమో అది వదలండి" అన్నారు. అందరూ కాఫీ అనీ, టీవీ అనీ అనుకున్నారు. మగ్దలేనమ్మ ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించి, "పండగ దాకా ఎవర్నీ తిట్టను. మనిషినైనా, గొడ్డునైనా, కోతినైనా సరే" అంది. అన్నదంటే అన్నదే. కోపం గొంతులోకి వచ్చినప్పుడల్లా చెంబెత్తి నోటినిండా నీళ్ళు పోసుకుని, అది దిగిందాకా పుక్కిట పట్టి కూర్చునేది. ఆ తపస్సు కాలంలో ఆ ఇంట్లో తాగిన నీళ్ళ కంటే పుక్కిటపట్టిన నీళ్ళే ఎక్కువ.

అంటే, ఫోనులో ఉన్న తిట్లు పోతే ఈస్టరు దాకా మళ్ళీ పుట్టవు. కోత చూస్తే ఈస్టరు మర్నాడు సోమవారం.

ఈస్టరు వారం రోజులుందనగా, మ్రానికొమ్మల ఆదివారం వెళ్ళాక ఫోనుకి జబ్బు చేసింది.

మొదట వేలు పెడితే పలకడం మానేసింది. నొక్కితే, ఎవరో పిలిచారని విని, ఎందుకు పిలిచారా అని ఆలోచించి, తర్వాత తీరిగ్గా తలుపు తీసే ముసలమ్మలా అయిపోయింది. మెర్సీ పొద్దున ఫోను చేస్తే ఆమె విసిగి పెట్టేశాక ఇక్కడ మోగింది. ఆ తర్వాత గొంతుకి నత్తి వచ్చింది. "ది... ది... దిగు" అని మొదలుపెట్టి, "ఆ చేతి... చేతి... చేతి" దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అందుకునేది. ఆ ఆగిన సందులో కోతులు ఒక్కో కొమ్మ ముందుకు జరిగేవి.

రాయప్ప తనకు తెలిసిన వైద్యమంతా చేశాడు. వేడి చేసిందేమోనని తడిగుడ్డ చుట్టాడు. దుమ్ము పట్టిందేమోనని కోడిఈకతో చెవులు శుభ్రం చేశాడు. బరువెక్కిందేమోనని లోపల పేరుకున్న గుడ్ మార్నింగు పూలబొమ్మలన్నీ ఒక్కొక్కటే తుడిచేశాడు. ఆఖరికి చర్చిలో దీవించిన నీళ్ళు రెండు చుక్కలు చల్లబోతుంటే మగ్దలేనమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు పడితే చచ్చూరుకుంటది" అంది మెత్తగా. ఆ మెత్తదనమే రాయప్పకి ఎక్కువ భయంగా ఉంది.

"పోనీ మజ్జిగ పట్టు బావా" అన్నాడు కంచె అవతల నుంచి యలమంద.

గురువారం పొద్దున తోటని కాసేపు యలమందకి అప్పజెప్పి, రాయప్ప ఫోనుని తువ్వాల్లో చుట్టుకుని ఆగిరిపల్లి సెల్లుల షాపుకి వెళ్ళాడు. షాపులో ఉన్న షాలోమి వాళ్ళ చర్చి పిల్లే. ఫోను తిప్పి చూసింది.

"తాతయ్యా, దీన్ని ఆఖరిసారి ఎప్పుడు ఆపారు?"

"ఆపడమేంటమ్మా? కొన్నకాడి నుంచి ఆపలా. పుట్టిన బిడ్డని ఎవరన్నా ఆపుతారా?"

షాలోమి నవ్వు ఆపుకుంది. "అందుకే తాతయ్యా. ఇన్నాళ్ళుగా ఆగకుండా నడుస్తుంటే లోపల అడ్డమైనవన్నీ పేరుకుపోయి ఊపిరాడక అల్లాడుతోంది. ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేస్తే చాలు. ఇటివ్వండి, నేను..."

ఆమె వేలు బొత్తాం మీదికి వెళ్ళడమే చూశాడు రాయప్ప. ఫోను లాక్కుని, చెప్పులు షాపులోనే వదిలేసి, మెయిన్ రోడ్డు మీద పరుగు పెట్టాడు. ఆ పరుగుకి ఎదురొస్తున్న ఆటో భయపడి పక్కకి తప్పుకుందంటారు.

రాయప్ప భయం వెనక ఒక బావి ఉంది. చాట్రాయి తోటలో కాపలా ఉన్నప్పుడు బావి అడుగున, పైపులో నీళ్ళు వెనక్కి జారకుండా పట్టే ఫుట్‌వాల్వు పాడైంది. మోటారు నడుస్తున్నంతసేపూ నీళ్ళు పైపు నిండా పైకి వస్తూనే ఉండేవి. ఆపితే చాలు, పైపులో నీళ్ళన్నీ గడగడా మళ్ళీ బావిలోకి జారిపోయేవి. ఆ తర్వాత ఎన్ని బిందెలు పోసినా, ఎంత బతిమాలినా ఎత్తుకునేది కాదు. "నడుస్తున్నదాన్ని ఆపకూడదు" అన్నది ఆ బావి నేర్పిన చదువు. ఫోను మాత్రం యంత్రం కాదా? ఇప్పుడు మగ్దలేన గొంతు పైదాకా వచ్చి గొట్టంలో నుంచి పారుతోంది. ఆపితే గొంతు అడుక్కి జారిపోదూ? ఆ తర్వాత బిందెడు నీళ్ళు పోసి లాగుదామన్నా, ఆ బిందె నీళ్ళన్నీ ఇప్పుడు ఆవిడ పుక్కిట్లోనే ఉన్నాయి.

శనివారం పొద్దెక్కాక మగ్దలేనమ్మ కారేజీ తీసుకుని తోటకి వచ్చింది. షెడ్డు ముందు రాయప్ప ఫోనుని ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసురుతున్నాడు. గొట్టంలో నుంచి "ది... ది... ది..." అని వడ్రంగిపిట్ట కొట్టినట్టు వస్తోంది.

"నిన్న చర్చిలో సిలువమార్గం అయ్యాక షాలోమి చెప్పింది" అంది ఆవిడ, చెప్పుల జత సంచిలో నుంచి తీసి అతని ముందు పడేస్తూ. "పిల్ల చెప్పినట్టు ఒకసారి ఆపి చూడొచ్చుగా?"

"ఆపితే గొంతు కిందికి జారిపోద్దే."

"ఏవయ్యా, రాత్రి నువ్వు పడుకుంటావా లేదా? పొద్దున్న లేచాక నీ మాట నీకుంటందా, మంచం కిందికి జారిపోయుంటందా?"

"నేనూ ఫోనూ ఒకటేనా?"

"కాదులే, దానికి బుద్ధుంది" అనబోయి, అది తిట్టులోకి వస్తుందేమోనని తమాయించుకుంది. "సరే, నేను చెప్పింది కాదు, దేవుడు చేసింది చూడు. ఆరు రోజులు చేసి ఏడోరోజు ఆయనే పని ఆపాడా? ఆపినంత మాత్రాన అంతకుముందు చేసిన లోకం జారిపోయిందా?"

రాయప్ప ఆలోచించాడు. "దేవుడి లోకానికి ఫుట్‌వాల్వు గట్టిదే మగ్దలేనా" అన్నాడు.

మగ్దలేనమ్మ చెంబు అందుకుంది.

ఆమె నోటినిండా నీళ్ళు పోసుకోవడం, గొట్టంలో "ది" కూడా ఆగిపోవడం ఒక్కసారే జరిగాయి. తోటంతా నిశ్శబ్దం. ఇన్నాళ్ళుగా నిశ్శబ్దం మరిచిన తోట కదా, ఆకులు కూడా ఏమైందా అని తొంగి చూసినట్టనిపించింది. రాయప్ప ఫోను తెరని వేలితో పొడిచాడు, గీకాడు, బుజ్జగించాడు. అది బొమ్మలా బిగుసుకుపోయింది.

కొండ వైపు కొమ్మలు ఊగాయి. పెద్ద మగకోతి ముందు, దాని వెనక దాని సంసారం, ఆ వెనక బంధుమిత్ర సపరివారం, పిలవని పెళ్ళికి వచ్చినట్టు వరసగా దిగాయి. మొదటి చెట్టు ఎక్కాయి. నిండా ముదిరి, కాడ దగ్గర మెత్తగా పసుపు తిరుగుతున్న బంగినపల్లి కాయల్ని ఒక్కొక్కటే వాసన చూశాయి. ఒక కాయ తెగి కింద పడింది. ఇంకోటి పడింది.

"అయిపోయింది మగ్దలేనా" అన్నాడు రాయప్ప. "ఎల్లుండే గదే కోత. నాదని ఒక్క గంప కూడా దక్కనీరు."

మగ్దలేనమ్మ అతని మొహం వంక చూసింది. నోట్లో నీళ్ళతోనే ఫోను అతని చేతిలో నుంచి లాక్కుని, పక్క బొత్తాం మీద బొటనవేలు పెట్టి, పిండి పిసికే బలమంతా పెట్టి నొక్కి పట్టింది.

"అమ్మో! వద్దే! వద..."

తెర నల్లబడింది.

రాయప్ప రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. మగ్దలేనమ్మ పట్టు వదిలి, మళ్ళీ అదే బొత్తాం నొక్కి, "ఊఁ, ఊఁ!" అంటూ కోతుల వైపు చెయ్యి చూపింది. అది లేచిందాకా నువ్వు చూసుకో అని.

రాయప్ప చెట్టు కిందికి పరిగెత్తాడు. పైన కోతులు కిందికి చూశాయి. అతను జీవితంలో తిట్లు తినడమే గాని, పెట్టింది లేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ" అన్నాడు. "అయ్యా... కాస్త... దిగుతారా?"

పెద్ద మగకోతి ఒక కాయ కొరికి, రుచి చూసి, తొక్క అతని మీద ఉమ్మింది.

వెనక మగ్దలేనమ్మ భుజాలు కదిలిపోతున్నాయి. బుగ్గలు కుండల్లా ఉబ్బి ఉన్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నవ్వితే నోట్లోవి పోతాయి, అయినా నవ్వు ఆగడం లేదు.

తొక్క మొహాన పడ్డాక రాయప్ప లోపల ఏదో కదిలింది. ఇన్నాళ్ళుగా పగలూ రాత్రీ చెవిలో పారింది ఊరికే పోతుందా? ఒక్కసారి నోరు తెరిచాడు.

"దిగు! దిగుతావా లేదా! నీ దుంపతెగ, పైకెక్కి బొక్కుతున్నావా? ఆ చేతిలోది అక్కడ పెట్టు! ఆ నోట్లోది కూడా పెట్టు!"

అవే మాటలు, అదే విరుపు, చివర్న అదే సాగతీత. నడుం మీద చెయ్యి కూడా దానంతట అదే వెళ్ళి కూర్చుంది. మగకోతి ఉలిక్కిపడి కాయ వదిలేసింది. పల్లవి అయిపోయి రాయప్ప చరణాల్లోకి వెళ్ళాడు. తన మేనత్త దగ్గర నుంచి తన మోకాళ్ళ నొప్పుల దాకా మగ్దలేనమ్మ ఆ రోజు ఏమేం కలిపిందో అన్నీ కలిపి, తనని తానే తడుముకోకుండా కడిగేసుకుంటున్నాడు. కోతులు ఒక కొమ్మ వెనక్కి జరిగాయి. కాని పూర్తిగా పోలేదు. మాట అదే గాని గొంతు వేరని వాటికి అనుమానం.

అంతలో మగ్దలేనమ్మ చేతిలో తెర వెలిగింది. ఆమె పుక్కిటి నీళ్ళు భళ్ళున నేల మీద పడ్డాయి.

"ఇదిగో, లేచింది! రా, రా!"

రాయప్ప ఒక్క గెంతులో షెడ్డు చేరాడు. వేలు పెట్టాడు. నిన్నటిదాకా పూట పట్టిన చోట, వేలు ఆనీ ఆనకముందే తలుపు తెరుచుకుంది. లోపల చూశాడు. ఉంది! పెట్టింది పెట్టినట్టే, చుక్క కూడా జారకుండా ఉంది. నొక్కాడు.

గొట్టం గర్జించింది. నత్తి లేదు, సందు లేదు, అటక కింద ఆ రోజు ఎలా వచ్చిందో అలాగే, కొత్తగా కాచిన సారా లాంటి గొంతు. మొదటి "దిగు"కే సగం కోతులు చెట్టు మీద లేవు. రెండో "దిగు"కి మిగతా సగం కంచె మీద కూడా లేవు. పెద్ద మగకోతి పోతూ పోతూ వెనక్కి తిరిగి రాయప్పకి దణ్ణం పెట్టిందని అతను ఈనాటికీ చెబుతాడు. గోక్కుంది అంటుంది మగ్దలేనమ్మ.

"ఉందే! గొంతు లోపలే ఉందే!" అని రాయప్ప భార్య రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. కారేజీ కాలికి తగిలి పప్పుచారు పారిపోయినా ఎవరూ చూడలేదు.

"ఏంటి బావా, అన్నిటినీ నా తోటలోకి తోలావు!" అని కంచె అవతల యలమంద వడిసెల పట్టుకుని పరిగెడుతున్నాడు. "ఆగు, మీ ఇంటికొచ్చి కూర్చుంటా, చెల్లెమ్మ గొంతు నా ఫోనులోకి పంపిందాకా కదల్ను!"

"రా అన్నయ్యా, కూర్చో. అన్నం కూడా పెడతా" అంది మగ్దలేనమ్మ, నవ్వు ఆపుకోలేక రొప్పుతూ.

సోమవారం తెల్లవారకుండానే కూలీలు కాయలు కోసే చిక్కాల గెడలు భుజాన వేసుకుని వచ్చారు. కోతులు రాకుండా గొట్టం పాడుతూనే ఉంది. "ఇంకా చూస్తావేంటి గుడ్లప్పగించి?" అన్నప్పుడల్లా కూలీలు ఉలిక్కిపడి చెయ్యి ఆడించారు. బీడీ ముట్టించుకోబోయినవాడు "ఆ నోట్లోది కూడా పెట్టు" వినగానే జేబులో పెట్టేసుకున్నాడు. సాయంత్రం దాకా పట్టే కోత ఎండ ముదరకముందే అయిపోయింది. అంత తొందరగా కోసిన తోట నూజివీడు సీమలోనే లేదు. కావాలంటే ఆ కూలీల్ని అడగండి, ఇప్పటికీ వాళ్ళు ఆ గొంతు విన్నారంటే నిలబడరు.

చెట్ల కింద గడ్డి పరిచి కాయలు పోశారు. ఎంత చూసినా తనివి తీరక రాయప్ప ఆ రాశి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక కాయ చేతిలోకి తీసుకుని చొక్కాకి తుడిచాడు, మళ్ళీ జాగ్రత్తగా దాని చోట దాన్ని పెట్టాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి మేకుకున్న ఫోను తీసి, ఎవరూ చెప్పకుండానే, పక్క బొత్తాం మీద వేలు పెట్టి నొక్కి పట్టాడు.

తోటంతా చప్పబడింది. గంపలు ఎత్తుతున్న కూలీలు తలలెత్తి చూశారు.

"ఏవైందండీ రాయప్పగారూ, ఆగిపోయిందా?"

"ఆపలా, పడుకోబెట్టా" అన్నాడు రాయప్ప గొంతు తగ్గించి. "మెల్లిగా మాట్లాడండి. చాలా కష్టపడింది."